టీషర్ట్ ప్రింటింగ్ పెడుతున్నారా? మిషను బేరం ఆడేముందు తేల్చుకోవాల్సినవి

మాది తెనాలి. టీషర్టుల మీద ప్రింటు వేయడమే నా పని. కొత్తగా ఈ లైన్లోకి దిగాలనుకునేవాళ్లు ఫోన్ చేసి అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: "అన్నా, ఏ మిషను కొనమంటారు?" నేను ఎదురు అడుగుతాను: "మొదటి ఆర్డరు ఎవరిది తమ్ముడూ? ఎన్ని పీసులు?" అటునుంచి సమాధానం ఉండదు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. మిషను పేరు మాత్రం మోడల్ నంబరుతో సహా కంఠతా వచ్చేసి ఉంటుంది.

అందుకే మిషన్ల సంగతి చివరికి పెట్టాను. ముందు ఏ ఆర్డరుకు ఏ ప్రింటు నప్పుతుందో తేల్చుకోవడం నేర్చుకోండి. అది వచ్చాక ఏం కొనాలో, ఏది బయట చేయించుకోవాలో మీకే తెలిసిపోతుంది.

1. ధర చెప్పేముందు ఆర్డరును విప్పి చూడండి

వినాయక చవితి ముందు నాకొచ్చే ఫోన్లు ఇలా ఉంటాయి:

"అన్నా, టీషర్టు ఎంత పడుద్ది?"

"ఎన్ని కావాలి?"

"ఒక ముప్పై... నలభై దాకా."

"ఏ రంగు? ఏం వేయాలి?"

"కాషాయం. ముందు గణపతి బొమ్మ, వెనక కమిటీ పేరు, దాని కింద ఎవరి పేరు వాళ్లకి."

"గుడ్డ కాటనా, జెర్సీ గుడ్డా?"

"అదే అన్నా, డ్యాన్సులో చెమట పీల్చేది."

"ఎప్పటికి?"

"ఎల్లుండికి."

ఇందులో మీకు కావాల్సినవన్నీ ఉన్నాయి. పీసులు నలభై. ముందు బొమ్మలో లెక్కలేనన్ని రంగులు. వెనక కమిటీ పేరు ఒకే రంగు, అందరికీ ఒకటే. కింద పేరు మాత్రం పీసుకొకటి. గుడ్డ ఏదో కుర్రాడికే తెలియదు. గడువు రెండు రోజులు. కమిటీ పేరు వరకు స్క్రీన్ ప్రింటు (జాలీ ఫ్రేములోంచి ఇంకు లాగి వేసేది) చవకే గానీ, రెండు రోజుల్లో స్క్రీను తయారు చేసి, వేసి, ఆరబెట్టి, మళ్లీ ముందు బొమ్మ అంటించాలంటే కుదరదు. కాబట్టి ఇది మొత్తంగా డీటీఎఫ్ (డైరెక్ట్ టు ఫిల్మ్, అంటే ఫిలిం మీద ప్రింటు తీసి వేడితో గుడ్డకు అంటించడం) పని. ఇదే కుర్రాడు పదిహేను రోజుల ముందు వచ్చి "పేర్లు వద్దు, రెండు రంగులే, రెండొందల పీసులు" అని ఉంటే డీటీఎఫ్ జోలికే వెళ్లను.

ఎన్ని పీసులు, ఎన్ని రంగులు, ఏ గుడ్డ, ఎప్పటికి: ఈ నాలుగూ కాగితం మీద రాసుకోకుండా నోటి నుంచి ధర రానివ్వకండి. ఒకసారి ఫోన్లో అన్న అంకె కస్టమరు బుర్రలో శిలాశాసనం అయిపోతుంది.

2. గుడ్డ ఏదో చేత్తో పట్టుకుని తేల్చుకోండి

కస్టమరు తెచ్చిన టీషర్టైనా, టీషర్టులు తయారయ్యే తమిళనాడు ఊరు తిరుప్పూరు నుంచి పార్సిల్లో వచ్చిందైనా, లేబుల్ మీద ఉన్నది నమ్మి మొదలుపెట్టకండి. లోపలి కుట్టు దగ్గర ఒక దారం లాగి అగ్గిపుల్లతో కాల్చండి. కాగితం కాలిన వాసన వచ్చి మెత్తటి బూడిద రాలితే కాటన్. ముడుచుకుపోయి, కరిగి, చివర గట్టి పూసలా తేలితే పాలిస్టర్. రెండూ కలిసినట్టుంటే మిక్సింగ్ గుడ్డ. ఈ పరీక్షకు నిమిషం కూడా పట్టదు. ఇది చేయక నేను పోగొట్టుకున్నది ఏమిటో కింద చెప్తాను.

కాటన్ అయితే రెండు మాటలు అడగండి: జీఎస్ఎమ్ ఎంత, బయో వాష్ అయిందా లేదా. 180 జీఎస్ఎమ్ అంటే చదరపు మీటరు గుడ్డ 180 గ్రాములు తూగుతుందని. రోజువారీ రౌండ్ నెక్కు అది సరిపోతుంది. లూజుగా వేసుకునే ఓవర్‌సైజ్ మోడళ్లకు 220, 240 వాడతారు. బయో వాష్ అంటే ఎంజైముతో ఉతికి గుడ్డ మీది నూగు తీసేయడం. నూగున్న గుడ్డ మీద స్క్రీన్ ప్రింటు వేసిన రోజు బాగానే ఉంటుంది. రెండు ఉతుకులయ్యాక ఇంకు పొరలోంచి పోగులు పైకి లేస్తాయి. రంగు ఎక్కడికీ పోకపోయినా మసకబారినట్టు కనిపిస్తుంది. తిట్లు మాత్రం గుడ్డ అమ్మినవాడికి కాదు, ప్రింటు వేసిన మీకు.

3. రంగు గుడ్డలోకి దిగాలా, గుడ్డ మీద కూర్చోవాలా?

పెడనలో కలంకారీ అచ్చులు అద్దేవాళ్లను చూస్తే ఈ తేడా బాగా అర్థమవుతుంది. అక్కడ పటిక, కరక్కాయల సాయంతో రంగు పోగులోకే ఎక్కుతుంది. వేలితో తడిమితే బొమ్మ ఎక్కడ మొదలైందో తెలియదు. మన టీషర్టు ప్రింట్లలో అలా లోపలికి దిగేది ప్రధానంగా ఒకటే, సబ్లిమేషన్. స్క్రీన్ ప్రింటు, డీటీఎఫ్, వినైల్ అన్నీ ఎంతో కొంత పైన పొరలా కూర్చునేవే. దిగిన రంగు ఊడదు, బరువుండదు, గాలి ఆడుతుంది. పైన కూర్చున్న రంగు ఏ గుడ్డ మీదైనా, ఎంత ముదురు రంగు మీదైనా కనిపిస్తుంది. దేని సుఖం దానిది. ఇక ఒక్కోటి చూద్దాం.

స్క్రీన్ ప్రింటింగ్. ఫ్రేముకు బిగించిన మెష్ (సన్న జాలీ) మీద, వెలుతురు తగిలితే గట్టిపడే ఎమల్షన్ పూసి, డిజైను ఫిలిం పెట్టి లైటు చూపిస్తారు. బొమ్మ ఉన్నచోట ఎమల్షన్ గట్టిపడదు, నీళ్లతో కడిగితే పోతుంది. ఆ రంధ్రాల్లోంచి స్క్వీజీతో (రబ్బరు అంచున్న పట్టీతో) ఇంకు లాగితే గుడ్డ మీద పడుతుంది. ఒక రంగుకు ఒక స్క్రీను. ఖర్చు కిటుకంతా ఇక్కడే ఉంది. స్క్రీను తయారయ్యేదాకానే డబ్బు, ఆ తర్వాత పది పీసులు లాగినా వెయ్యి లాగినా పీసుకు పడే ఇంకు, కూలి కొంచెమే.

కొత్తవాళ్లు ఇక్కడ మరిచిపోయేది అడుగు తెలుపు. నల్ల టీషర్టు మీద పసుపు అక్షరాలు కావాలంటే, పసుపు నేరుగా వేస్తే బురద రంగు వస్తుంది. ముందు తెలుపు వేసి, కాస్త ఆరనిచ్చి, దాని మీద పసుపు వేయాలి. అంటే ఒక రంగు అనుకున్న పని రెండు స్క్రీన్ల పనైంది. కస్టమరుకు "ఒకే రంగు కదా" అని ధర చెప్పేసి, ప్రింటరు దగ్గరికెళ్లాక రెండో స్క్రీను బిల్లు చూసి నాలుక కరుచుకోవడం అందరికీ ఒకసారి జరుగుతుంది. నాకు రెండుసార్లు జరిగింది.

ఊళ్లో స్క్రీన్ ప్రింటరు అనగానే ఎవరి దగ్గరికో వెళ్లిపోకండి. పెళ్లి కార్డులు, ప్లాస్టిక్ సంచులు వేసేవాళ్లూ ఆ బోర్డే పెడతారు. కాగితం ఇంకు గుడ్డ మీద వేస్తే ఎండిన చెరువు నేలలా పగుళ్లిస్తుంది. గుడ్డకు వేసే ప్రింటరైతే రబ్బరు ప్రింటా, పిగ్మెంటా, ప్లాస్టిసాలా అని అతనే మిమ్మల్ని అడుగుతాడు. నీళ్లతో కలిపే పిగ్మెంటు మెత్తగా ఉంటుంది, లేత రంగు గుడ్డకు బాగుంటుంది. ముదురు గుడ్డ మీద నిండుగా కనబడాలంటే రబ్బరు ప్రింటో, ప్లాస్టిసాలో. ప్లాస్టిసాల్ అంటే ప్లాస్టిక్ ఇంకు, గాలికి ఆరదు. పొర మొత్తానికీ దాదాపు 160 డిగ్రీల వేడి తగిలితేనే గట్టిపడుతుంది. పైపైన ముట్టుకుంటే ఆరినట్టే ఉండి అడుగున పచ్చిగా ఉండిపోతే మొదటి ఉతుకులోనే పోతుంది. పీసు చేతికి రాగానే ప్రింటును రెండు చేతులతో కాస్త సాగదీసి చూడండి. పగిలి, మళ్లీ కలవకపోతే సరిగా ఉడకలేదని అర్థం.

పని అయ్యాక "స్క్రీను కడిగేయకండి, మళ్లీ ఆర్డరు ఉంది" అని చెప్పి, ఫ్రేము మీద మీ కస్టమరు పేరు రాయించండి. స్కూళ్లు, క్లబ్బులు ఏటా అదే డిజైను అడుగుతాయి. రెండో ఏడాది స్క్రీను ఖర్చు ఉండదు, మీ లాభం అక్కడుంటుంది.

ఒక ఇబ్బంది కూడా ఉంది. స్క్రీను సైజు మారదు. ఒకటో తరగతి పిల్లకూ పీఈటీ సారుకూ ఒకే స్క్రీనుతో వేస్తే, పిల్ల టీషర్టు మీద బొమ్మ చంకల దాకా పాకుతుంది, సారు ఛాతీ మీద బిళ్లలా ఉంటుంది. పిల్లల సైజులూ పెద్దల సైజులూ కలిసిన ఆర్డరుకు రెండు స్క్రీన్ల ఖర్చు ముందే కలుపుకోండి.

డీటీఎఫ్. ఇప్పుడు ఊరూరా నడుస్తున్నది ఇదే. ప్లాస్టిక్ ఫిలిం మీద ముందు రంగులు, వాటి మీద తెలుపు ప్రింటవుతాయి. తడిగా ఉండగానే జిగురు పొడి చల్లి వేడికి కరిగిస్తారు. ఆ ఫిలింను టీషర్టు మీద పెట్టి, వేడి పలకతో నొక్కే మిషను హీట్ ప్రెస్‌లో 150 నుంచి 160 డిగ్రీల దగ్గర 10, 15 సెకన్లు నొక్కితే బొమ్మ గుడ్డకు అంటుకుంటుంది. ఫిలిం లాగేసి, పైన బటర్ పేపరు పెట్టి ఇంకోసారి నొక్కాలి. కాటనైనా మిక్సింగైనా, నలుపైనా తెలుపైనా పడుతుంది. ఒక్క పీసైనా వేయొచ్చు, ఎన్ని రంగులైనా ధర మారదు.

ఫిలిం రోలు ఎక్కువగా 60 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది, ప్రింటు చేసేవాళ్లు మీటరు లెక్కన తీసుకుంటారు. కాబట్టి మీ తెలివంతా ఆ మీటరును నింపడంలో చూపించాలి. ఏ4 బొమ్మలు నిలువుగా రెండు వరసలు పెడితే మీటరుకు ఆరు వస్తాయి. పక్కన సన్నటి పట్టీ మిగులుతుంది. దాన్ని ఖాళీగా వదిలితే ఆ డబ్బు చెత్తబుట్టకే. అందులో ఆరేడు సెంటీమీటర్ల ఛాతీ లోగోలు ఇరవైకి పైగా పడతాయి, లేదా కుర్రాళ్ల పేర్లన్నీ పడతాయి. నేను ఎప్పుడూ ఏదో ఒక రెగ్యులర్ కస్టమరు లోగో ఆ పట్టీలో వేయించి, కవర్లో పెట్టి దాస్తాను. మళ్లీ వాళ్లు నాలుగు పీసులు అడిగినప్పుడు ఆ ప్రింటు నాకు ఊరికే వచ్చినట్టే.

డీటీఎఫ్‌తో వచ్చే చిక్కు ఉక్క. నిండు చతురస్రంగా పెద్ద ఫొటో వేశారనుకోండి, మే నెలలో అది తొడుక్కున్నవాడికి ఛాతీకి ప్లాస్టిక్ కవరు చుట్టుకున్నట్టుంటుంది. దీనికి మందు డిజైన్లోనే ఉంది. బ్యాక్‌గ్రౌండ్ తీసేయండి. నల్ల టీషర్టైతే బొమ్మలో నలుపున్న చోటల్లా ఖాళీగా వదిలేయండి, గుడ్డ నలుపే ఆ పని చేస్తుంది. జుట్టు, నీడలు, రాత్రి ఆకాశం అన్నీ గుడ్డకే వదిలేస్తే పొర సగానికి సగం తగ్గుతుంది. చూడ్డానికీ ఖరీదుగా ఉంటుంది. బొమ్మను చిన్న చిన్న గళ్లుగా విడగొట్టినా గాలాడుతుంది.

సబ్లిమేషన్. కాగితం మీద వెలవెలబోతూ ప్రింటయ్యే రంగు, 190 నుంచి 200 డిగ్రీల వేడికి ఆవిరై పాలిస్టర్ పోగులోకి చొరబడుతుంది. 45 సెకన్ల నుంచి నిమిషం పడుతుంది. కాగితం ఎత్తగానే నిగనిగలాడే రంగు చూసి మొదటిసారి ఎవరైనా ముచ్చట పడతారు. షరతులు రెండే గానీ గట్టివి: గుడ్డ పాలిస్టరై ఉండాలి, తెలుపో బాగా లేత రంగో అయి ఉండాలి. ఇందులో తెల్ల ఇంకు లేదు. బొమ్మలో తెలుపంటే గుడ్డ తెలుపే. కాటన్ మీద వేస్తే ఉతుకులో జాడ లేకుండా పోతుంది. డాట్ నిట్ అనే పాలిస్టర్ జెర్సీ గుడ్డ మీద క్రికెట్ టోర్నమెంట్లకు, టెన్త్ బ్యాచ్ పూర్వ విద్యార్థుల కలయికలకు ఇది చవక, మన్నిక. మగ్గులూ ఇదే ఇంకుతో వేయొచ్చు కాబట్టి చిన్న షాపుకు రెండో ఆదాయం. మెడ నుంచి అంచుదాకా రంగులుండే జెర్సీలు మాత్రం మీ చిన్న ప్రెస్‌తో కావు. వాటికి ముక్కలుగా కత్తిరించిన గుడ్డ మీద పెద్ద మిషన్లో వేసి తర్వాత కుడతారు. ఆ ఆర్డరు వస్తే జెర్సీ యూనిట్‌కు ఇచ్చి మధ్యలో మీ మార్జిన్ చూసుకోండి.

ఇప్పుడు నా నష్టం సంగతి. ఒక కబడ్డీ జట్టుకు ఎర్ర టీషర్టుల మీద తెల్ల నంబర్లు వేశాను, డీటీఎఫ్‌లో. గుడ్డ పాలిస్టరని తెలుసుకోకుండా కాటన్‌కు పెట్టిన వేడే పెట్టి నొక్కాను. సాయంత్రం ప్యాక్ చేసేటప్పుడు నంబర్లు మల్లెపువ్వుల్లా ఉన్నాయి. మూడో రోజు కెప్టెన్ వచ్చి కవరు నా టేబులు మీద బోర్లించాడు. ఒక్క నంబరూ తెలుపు లేదు, అన్నీ గులాబీ రంగు. "మాది ఆడపిల్లల టీమనుకున్నావా అన్నా?" అన్నాడు. ఆ మాట నాకు నచ్చకపోయినా నోరెత్తే పరిస్థితి కాదు. జరిగింది ఏమిటంటే, పాలిస్టరుకు అద్దిన ఎరుపు కూడా సబ్లిమేషన్ రంగు జాతిదే. వేడి తగిలితే ఆవిరై పైకి లేచి తెల్ల పొరలోకి ఎక్కుతుంది, ఒక్కోసారి రోజుల తరబడి మెల్లగా ఎక్కుతూనే ఉంటుంది. మళ్లీ కొత్త టీషర్టులు నా డబ్బుతోనే తెప్పించాను.

అప్పటినుంచి ముదురు ఎరుపు, మెరూన్, నేవీ పాలిస్టరు వస్తే మూడు జాగ్రత్తలు. తక్కువ వేడికే అతుక్కునే పొడితో వేసిన ఫిలిం అడుగుతాను, రంగు పైకి రాకుండా అడ్డుపొర ఉన్న ప్రింటు దొరుకుతుందేమో కనుక్కుంటాను, ఒక్క పీసు వేసి మూడు రోజులు కవర్లో పెట్టి చూసాకే మిగతావి నొక్కుతాను. టైము లేదంటే ఆర్డరే వద్దంటాను.

మిగతావి క్లుప్తంగా. వినైల్ అంటే రంగు షీటును కటింగ్ ప్లాటరుతో అక్షరాలుగా కోసి అంటించడం. జెర్సీ నంబర్లకు, ఒకటి రెండు పీసులకు బాగుంటుంది. అనవసరపు ముక్కలు చిమటాతో ఏరడం కంటికీ వేలికీ శిక్ష. డీటీజీ అంటే ప్రింటరు నేరుగా టీషర్టు మీదే ఇంకు చిమ్మడం. కాటన్ మీద ఫొటో మెత్తగా రావాలంటే దానిలా ఇంకోటి రాదు. కానీ ముదురు గుడ్డకు ముందు ద్రావణం కొట్టాలి, మిషను ధర లక్షల్లో, పోషణ ఏనుగుతో సమానం. చిన్న ఊళ్లో మొదటి అడుగు దాని మీద వేయొద్దనే అంటాను. కాలర్ టీషర్టు మీద కంపెనీ లోగో అడిగితే ప్రింటు మానేసి ఎంబ్రాయిడరీ చూపించండి. ఆసుపత్రులు, షోరూములు దానికి ఎక్కువ ఇవ్వడానికీ వెనకాడవు.

4. ఎక్కడ గీత గీయాలో లెక్క వేసుకోండి

ఇది ప్రతి ఆర్డరుకూ చేయాల్సిన లెక్క. కింది అంకెలు పద్ధతి తెలియడానికి నేను అనుకున్నవి, మీ ఊరి రేట్లు వేసుకోండి. ఒక స్క్రీను ఫిలింతో కలిపి 400, ఒక్కో రంగు లాగడానికి పీసుకు 6 అనుకుందాం. ఏ4 డీటీఎఫ్ ప్రింటు, నొక్కడం కలిపి 60 అనుకుందాం.

తెల్ల టీషర్టు, ఒకే రంగు: స్క్రీనుకు 400, ఆపైన పీసుకు 6. డీటీఎఫ్‌కు పీసుకు 60. తేడా 54. నాలుగొందలను 54తో భాగిస్తే ఏడున్నర కూడా రాదు. అంటే ఎనిమిదో పీసు నుంచే స్క్రీను చవక. మూడు రంగులైతే 1200 ముందు పెట్టాలి, పీసుకు 18. తేడా 42. ఇరవై తొమ్మిదో పీసు దగ్గర స్క్రీను గెలుస్తుంది. అదే నల్ల టీషర్టు అయితే అడుగు తెలుపుతో కలిపి నాలుగు స్క్రీన్లు, 1600, పీసుకు 24. నలభై నాలుగు పీసులు దాటాలి.

ఇందులో ఒక మెలిక ఉంది. స్క్రీనుకు బొమ్మ సైజుతో దాదాపు పని లేదు, డీటీఎఫ్ ధర జాగాను బట్టి. ఛాతీ మీద చిన్న లోగో అయితే డీటీఎఫ్ 60 కాదు, నొక్కడంతో కలిపి 15కే వస్తుందనుకోండి. అప్పుడు ఒకే రంగుకు కూడా నలభై నాలుగు పీసుల దాకా డీటీఎఫే చవక. "వంద దాటితే స్క్రీను, లోపైతే డీటీఎఫ్" అని ఎవరైనా ఒక్క ముక్కలో చెప్తే నమ్మకండి, బొమ్మ ఎంతుందని అడగండి.

ఈ లెక్కలో పాడయ్యే పీసులు లేవు. ప్రింటు పోతే ఫిలింతో పాటు టీషర్టూ పోతుంది. ఎక్కువగా వెళ్లే సైజుల్లో రెండు మూడు ఖాళీ టీషర్టులు ఎప్పుడూ అదనంగా తెప్పించండి. కమిటీ కుర్రాళ్లు చివరి నిమిషంలో "ఇంకో ఇద్దరు పెరిగారన్నా" అని ఎలాగూ వస్తారు.

5. తెలుగు అక్షరాలుంటే ఇంకొక పరీక్ష

ఇంగ్లిష్ అక్షరాలకు ఈ బాధ లేదు. మన లిపిలో గుండ్రాలు, వాటి లోపల చుక్కలు, కింద వత్తులు. "శ్రీ" లేని కమిటీ టీషర్టు ఉండదు. చిన్న సైజులో స్క్రీను వేస్తే ఇంకు పాకి ఆ రావత్తు ముద్దగా మారుతుంది. డీటీఎఫ్‌లో వేరే తిప్పలు. "థ" లోపలి చుక్క మరీ చిన్నదైతే దాని కింద జిగురు చాలక నాలుగు ఉతుకుల్లో ఊడిపోతుంది. రథోత్సవం కాస్తా రధోత్సవం అయి కూర్చుంటుంది. వినైల్‌లో "జ్ఞ", "క్ష" లోపలి ముక్కలు ఏరేసరికి తల ప్రాణం తోకకొస్తుంది.

కాబట్టి తెలుగులో ఎక్కువ మాటలుంటే లావుపాటి, లోపల ఖాళీలు బాగా తెరుచుకున్న ఫాంటు ఎంచుకోండి. అసలు సైజులో కాగితం మీద ప్రింటు తీసి చేయి చాచి దూరంగా పట్టుకుని చూడండి. వత్తు కనబడకపోతే గుడ్డ మీద అసలే కనబడదు. స్క్రీనుకైతే మెష్ సంగతి అడగండి. ఇంచికి 110 దారాల మెష్ లావు అక్షరాలకు సరే, సన్న గీతలకు 200 దాటినది కావాలి.

ఫైలు పంపేటప్పుడు ఇంకో గండం. అను ఫాంట్లతో (యూనికోడ్ కాని తెలుగు ఫాంట్లతో) టైపు చేసిన ఫైలు ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే "శుభాకాంక్షలు" బదులు ఏవో పిచ్చి గుర్తులొస్తాయి. యూనికోడ్‌లో చేసినా పాత సాఫ్ట్‌వేర్లు వత్తులను విడగొట్టి పక్కన పడేస్తాయి. కోరల్‌డ్రాలో కంట్రోల్ క్యూ నొక్కి అక్షరాలన్నిటినీ కర్వ్స్ (ఫాంటుతో పనిలేని గీతల బొమ్మలు) చేశాకే పంపండి. దానితో పాటు ఒక ఫొటో కూడా పంపి "ఇలాగే రావాలి" అని రాయండి. చివరగా కస్టమరుతో స్పెల్లింగు చదివించి వాట్సాప్‌లో ఓకే పెట్టించుకోండి. నోటిమాట ఓకే లెక్కలోకి రాదు.

హీరో ఫొటోలు, ఐపీఎల్ జట్ల లోగోలు, కార్టూన్ బొమ్మలు తెచ్చి "వేసెయ్ అన్నా" అంటారు. అవి కాపీరైటో ట్రేడ్‌మార్కో ఉన్నవి. ఆన్‌లైన్లో అమ్మకానికి పెడితే లిస్టింగు లేచిపోవడమే కాదు, నోటీసూ రావచ్చు. సొంతంగా గీయించిన బొమ్మలతోనే కాటలాగు తయారు చేసుకోండి.

6. మనవాళ్లు ఉతికినట్టే ఉతికి చూడండి

ఫిలిం అమ్మేవాళ్లు "యాభై ఉతుకులు గ్యారంటీ" అంటారు. టీషర్టును తిరగేసి, చల్లటి నీళ్లలో, మెత్తటి సబ్బుతో, నీడలో ఆరేస్తేనే అని అడుగున ఉంటుంది. మన ఇళ్లలో జరిగేది అది కాదు. రాత్రి సర్ఫులో నానబెట్టి, పొద్దున రాయి మీద బ్రష్షు పెట్టి, సరిగ్గా బొమ్మ మీదే రెండు రుద్దులు ఎక్కువ రుద్ది, మిట్టమధ్యాహ్నం డాబా మీద ఆరేస్తారు. తర్వాత అది ఇస్త్రీ బండికి వెళ్తుంది. బొగ్గుల పెట్టెకు డిగ్రీలుండవు. డీటీఎఫ్ మీద అది నేరుగా పడిందంటే బొమ్మ పెట్టెకు అతుక్కుని వచ్చేస్తుంది.

అందుకే ప్రతి కొత్త ప్రింటరు దగ్గరా, ప్రతి కొత్త గుడ్డ మీదా మూడు శాంపిళ్లు వేయించండి. ఒక రోజంతా కదిలించకుండా ఉంచాక, ఒకటి వాషింగ్ మిషన్లో, ఒకటి రాయి మీద, అయిదేసిసార్లు ఉతికించండి. మూడోదాన్ని తిరగేసి ఒకసారి, నేరుగా ఒకసారి ఇస్త్రీ చేయించండి. తర్వాత బొమ్మ మూలను గోటితో గీకి చూడండి, లేస్తోందా? అడ్డంగా సాగదీయండి, పగిలిందా? తడిపిన తెల్ల చేతిరుమాలుతో రుద్దండి, రంగంటిందా? అమ్మేటప్పుడు ప్రతి కవర్లో చిన్న చీటీ వేయండి: "తిరగేసి ఉతకండి. బొమ్మ మీద ఇస్త్రీ పెట్టె పెట్టొద్దు." తెలుగులోనే వేయండి. ఉతికేది అమ్మ, ఇస్త్రీ చేసేది బండి దగ్గరాయన. ఇంగ్లిష్ గుర్తులున్న లేబుల్ వాళ్లకోసం కాదు.

7. ఇక ఏం కొనాలి

మొదట హీట్ ప్రెస్ ఒక్కటి. 15 ఇంచీలు, 15 ఇంచీలు ఉన్నదైనా చాలు, 16కు 24 అయితే వెనక పెద్ద బొమ్మలకు హాయి. 15 ఆంపుల ప్లగ్గు, దానికి తగ్గ వైరింగు ముందే చూసుకోండి. ఇంటి మామూలు ప్లగ్గులో పెడితే ప్లగ్గే ముందు ప్రెస్సవుతుంది. కొనేటప్పుడు ప్లేటు నాలుగు మూలలా, మధ్యలో వేడి సమానంగా ఉందో కొలవమనండి. డిస్‌ప్లే 160 చూపిస్తున్నా ఒక మూల 140 ఉంటే బొమ్మ ఎప్పుడూ ఆ మూలే లేస్తుంది, మీరు ఫిలింను తిడుతుంటారు. ప్రింటు పెట్టేముందు ఖాళీ టీషర్టును మూడు నాలుగు సెకన్లు నొక్కి చెమ్మ తీయడం అలవాటు చేసుకోండి. కోస్తాలో వానాకాలం ఇది మానితే అంటుకోదు.

డీటీఎఫ్ ప్రింట్లు మీటరు లెక్కన బయట వేయించుకోండి. గుంటూరు, విజయవాడ, హైదరాబాద్‌లో వేసి బస్సు పార్సిల్లో పంపేవాళ్లున్నారు. స్క్రీను పనికి గుడ్డ మీద వేసే మంచి ప్రింటరు ఒకరిని పట్టుకోండి. మగ్గులు కూడా చేసేట్టయితే ట్యాంకు ప్రింటరులో సబ్లిమేషన్ ఇంకు పోసి పెట్టుకోండి. ఇంతవరకు పెట్టుబడి మీ చేతిలో ఉంటుంది.

సొంత డీటీఎఫ్ మిషను సంగతి ఎప్పుడు ఆలోచించాలంటే, ఒక నోట్‌బుక్ పెట్టి నెలకు ఎన్ని మీటర్లు బయట వేయించారో ఆరు నెలలు రాయండి. ఆ బిల్లు మిషను కిస్తీ, ఇంకు, పొడి, ఫిలిం, ఏసీ కరెంటు, మనిషి జీతం అన్నీ కలిపినదాన్ని వరసగా దాటుతోందా చూడండి. ఏసీ అన్నానని విలాసం అనుకోకండి. గదిలో తేమ పెరిగితే పొడి గడ్డకడుతుంది, ఫిలిం మీద నూనె తేలినట్టవుతుంది. తెల్ల ఇంకులో ఉండే టైటానియం డయాక్సైడ్ బరువు, కదలకుండా ఉంటే అడుగుకు దిగి హెడ్డు (ఇంకు చిమ్మే భాగం) మూసేస్తుంది. ఆర్డరున్నా లేకపోయినా రోజూ ఇంకు కదిలించాలి, ఇంకు రంధ్రాలన్నీ తెరిచున్నాయో చూపే నాజిల్ చెక్ తీయాలి. కాబట్టి మీరు ఊరెళ్తే ఆ పని ఎవరు చేస్తారో కూడా ఆ నోట్‌బుక్‌లోనే రాయండి.

నాకు తెలిసిన కుర్రాడొకడు ఇవేవీ రాయకుండా కొన్నాడు. సంక్రాంతికి షాపుకు తాళం వేసి అత్తగారింటికి వెళ్లి అయిదు రోజులున్నాడు. వచ్చి ఆన్ చేస్తే తెలుపు ఒక్క గీత కూడా రాలేదు. హెడ్డు మార్చడానికి చెప్పిన ధర విని ఊరుకున్నాడు. ఇప్పుడు ఆ మిషను మీద దుప్పటి కప్పి, దాని మీద తిరుప్పూరు బండిళ్లు సైజులవారీగా పేర్చుకుంటున్నాడు. ప్రింట్లు మాత్రం నాలాగే బస్సు పార్సిల్లో తెప్పించుకుంటున్నాడు.